బాకీ ఎవరి పేర వ్రాయబడినది?

చదువవలసిన వాక్యభాగము: ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక 1–25
తోడుగా చదువవలసినవి: మత్తయి 18:21–35, లేవీయకాండము 19:13–18, ఎఫెసీయులకు 2:8–10
కంఠస్థము చేయవలసిన వచనము: ఫిలేమోనుకు 17



క్రొత్త నిబంధనలో తీతు పత్రికకును హెబ్రీ పత్రికకును నడుమ ఒక చిన్న పత్రిక యున్నది. అధ్యాయమొక్కటే, వచనములు 25 మాత్రమే. పుటలు త్రిప్పునప్పుడు రెండు కాగితములు అంటుకొనినచో అది మన కంటికి కనబడకయే పోవును. పౌలు పత్రికలలో ఇంత చిన్నది మరియొకటి లేదు. ఒక ఇంటి యజమానుడు, అతనిని విడిచిపోయిన ఒక దాసుడు, వారి నడుమ ఒక బాకీ, ఇందులోని సంగతి ఇంతే. అయినను కృప యననేమి, విధేయత యననేమి, పొరుగువానిని ప్రేమించుట యననేమి అని యెవరైన అడిగినయెడల, ఆ మూటిని ఒక్క గుమ్మమునొద్ద నిలిపి చూపునది ఈ పత్రికయే. కాబట్టి ఈ మాసము దీనిని నిదానముగా చదువుదము.

1. సంగతి యెట్లున్నది

నేటి టర్కీ దేశములో, లూకసు నది లోయలో, పూర్వము కొలొస్సయి యను పట్టణముండెను. లవొదికయ, హియెరాపొలి దాని పొరుగు పట్టణములు. ఎపఫ్రా అచ్చట సువార్త ప్రకటింపగా సంఘము పుట్టెను. ఆ దినములలో క్రైస్తవులకు ప్రత్యేకముగా కట్టిన గుడులు లేవు. ఇల్లు గలవాడు తన తలుపు తెరచినయెడల అదియే గుడి. ఫిలేమోను అట్లు తలుపు తెరచినవాడు. అతని వలన పరిశుద్ధులకు సేద దీరెనని పౌలే సాక్ష్యమిచ్చుచున్నాడు. కాబట్టి అతనిని కఠినుడని తలంపరాదు. అతడు మన సంఘములలో మంచి పెద్ద యని పేరు గల మనిషివంటివాడు.

ఆ యింటి దాసుని పేరు ఒనేసిము. గ్రీకు భాషలో ఆ పేరునకు ప్రయోజనకరుడు అని అర్థము. పేరు అట్లుండగా అతడు యజమానునికి ప్రయోజనములేనివాడై యెడబాసి పోయెను. నష్టమేదైన కలిగించియుండిన, బాకీ యేదైన పడియుండిన అని మాత్రము పౌలు అనుచున్నాడు గాని ఆ తప్పును విప్పి వ్రాయలేదు. అతడు ఎట్లో చెరలో నున్న పౌలు నొద్దకు చేరెను. అచ్చటనే క్రీస్తును ఎరిగెను. ముసలితనమున, సంకెళ్లలో, తనకు పుట్టిన కుమారుడని పౌలు అతనిని పిలుచుచున్నాడు.

ఆ కాలమున పారిపోయిన దాసుని గతి యెట్టిదో మనము తెలిసికొనవలెను. దొరకినవానిని కొరడాలతో కొట్టుదురు, నొసటిమీద వాత వేయుదురు. తరువాతి కాలమున కొందరి మెడకు ఇనుప పట్టెడ తగిలించి, వీడు పారిపోయినచో పట్టి తెమ్మని దానిమీద చెక్కించుదురు. అట్టి పట్టెడలు రోమా ప్రాంతములో త్రవ్వకములలో దొరకినవి. అట్టి లోకములో ఒనేసిము తన కాళ్లతో తానే నడచి, తుకికు వెంట కొలొస్సయికి మరలి వచ్చెను (కొలొస్సయులకు 4:7–9). అతని మెడకు పట్టెడ లేదు. అతని పక్షమున ఒక ఉత్తరముండెను.

తన యజమానుని యొద్దనుండి తప్పించుకొని వచ్చిన దాసుని వానికి అప్పగింపరాదని ధర్మశాస్త్రము చెప్పుచున్నది గదా (ద్వితీయోపదేశకాండము 23:15–16), పౌలు ఏల పంపెనని కొందరు అడుగవచ్చును. పౌలు అతనిని కట్టి అప్పగింపలేదు. తన ప్రాణమువంటివానిని పంపుచున్నానని వ్రాసి, అతనిమీద చెయ్యి యెత్తుటకు వీలులేకుండ యజమానుని చేతులనే ప్రేమతో కట్టివేసెను.

2. కృప: మన బాకీ మరియొకరి పేర

ఈ పత్రికకు గుండెకాయ 18, 19 వచనములు. ఒనేసిము బాకీ యేమైన నుండినయెడల దానిని తన పేర వేసికొమ్మని పౌలు వ్రాసెను. అంతటితో ఊరకుండక, తానే తీర్చెదనని తన చేవ్రాలుతో మాట యిచ్చెను. మన గ్రామములలో దీనిని ఏమందుము? ప్రోనోటు అందుము. అప్పు చేసినవాడు ఒకడు, నోటు వ్రాసి చేవ్రాలు చేసినవాడు మరియొకడు. ఆ చేవ్రాలు చేసినవాడో చెరలో నున్న ముసలివాడు, డేరాలు కుట్టి బ్రదికిన పనివాడు.

ఇచ్చట ఒక మాట గమనింపవలెను. బాకీ లేదని పౌలు అనలేదు. పోనిమ్ము, చిన్న సంగతియే గదా అని త్రోసివేయలేదు. మాఫీ యైన అప్పు గాలిలో కలిసిపోవునని మనము అనుకొందుము. అట్లు కాదు. పది బస్తాల అప్పును ఒకడు మాఫీ చేసినయెడల, ఆ పది బస్తాల నష్టము అతని గాదెలో కనబడును. ఎవడో ఒకడు దానిని భరింపవలసినదే. సిలువ యనగా ఇదియే. దేవుడు మన పాపమును చూచి చూడనట్లు ఊరకుండలేదు. దానిని తన కుమారుని పేర వేసెను. మార్టిన్ లూథరు 1522లో తన జర్మను క్రొత్త నిబంధనను ప్రచురించినప్పుడు ఈ పత్రికకు వ్రాసిన ముందుమాటలో, పౌలు ఒనేసిము పక్షమున నిలిచినట్లు క్రీస్తు మన పక్షమున నిలిచెననియు, విశ్వసించిన మనమందరము ఒనేసిములమే యనియు భావము వచ్చునట్లు వ్రాసెను.

ఆ బాకీ యెంతటిదో ప్రభువే ఒక ఉపమానములో లెక్క కట్టి చూపెను (మత్తయి 18). ఒక దాసుడు రాజునకు పదివేల తలాంతులు అచ్చియుండెను. తోటి దాసుడు అతనికి నూరు దేనారములు అచ్చియుండెను. దేనారము ఒక దినపు కూలి. తలాంతు ఒకటికి దాదాపు 6,000 దేనారములు. కూలి చేయు సహోదరులారా, మీరే లెక్క వేయుడి. నూరు దేనారములనగా నూరు దినముల కూలి. కష్టపడినచో ఒక యేటిలో తీర్చవచ్చును. పదివేల తలాంతులనగా 6 కోట్ల దినముల కూలి. ఏటికి 300 దినములు పని దొరకినను, తీర్చుటకు 2 లక్షల సంవత్సరములు పట్టును. కొంచెము ఓర్చుకొనుము, అంతయు తీర్చెదనని ఆ దాసుడు రాజు నెదుట అనుట మనకు నవ్వు పుట్టించును. కాని ప్రతి ఆదివారము కానుక వేసి, ఉపవాసముండి, దేవుని బాకీ కొంచెము కొంచెముగా తీర్చుచున్నామని మనము తలంచునప్పుడు ఆ దాసుని మాటలే పలుకుచున్నాము.

3. విధేయత: కృప వెంట నడచి వచ్చునది

అట్లయిన మన పని ఇక నేమియు లేదా? ఎఫెసీయుల పత్రికలో కృపచేతనే రక్షణ యని చెప్పిన వెంటనే, సత్‌క్రియలలో నడచుకొనుటకే మనము సృష్టింపబడితిమని పౌలు చెప్పుచున్నాడు. వేరు మొదట, ఫలము తరువాత. ఫలములు కట్టి చెట్టును బ్రదికింపలేము, కాని బ్రదికిన చెట్టు కాపు కాయక మానదు.

ఫిలేమోను పత్రికలో ముగ్గురు విధేయత చూపవలసి వచ్చెను.

ఒనేసిము తిరిగి వెళ్లవలెను. ముగ్గురిలో అతని విధేయతయే మిక్కిలి ప్రియమైనది, ఏలయనగా అతడు ప్రాణమును పణముగా పెట్టెను. క్రీస్తు నన్ను క్షమించెను గనుక నేను ఎవరికిని జవాబు చెప్పనక్కరలేదని అతడు దాగుకొనలేదు. అప్పు తీసికొని, రక్షింపబడితినని సాక్ష్యము చెప్పి, అప్పిచ్చినవాడు ఎదురైనప్పుడు సందు మారిపోవువారు ఈ దాసుని చూచి నేర్చుకొనవలెను.

పౌలు తనకు సహాయముగా నున్నవానిని విడిచిపెట్టవలెను. ఉంచుకొనవలెనని అతనికి మనస్సుండెను. అయినను ఫిలేమోను సమ్మతి లేక ఏమియు చేయనొల్లక పంపివేసెను.

ఫిలేమోను చేర్చుకొనవలెను. ఆజ్ఞాపించుటకు తనకు అధికారమున్నదని పౌలు చెప్పి, ఆ అధికారమును ప్రక్కన పెట్టి, ప్రేమను బట్టి వేడుకొనుచున్నాడు. ఏల? బలవంతముచేత చేసిన మేలు మేలు కాదు గనుక. చివరకు, ఫిలేమోను విధేయతయందు తనకు నమ్మకమున్నదనియు, అడిగినదానికంటె ఎక్కువే అతడు చేయుననియు వ్రాసెను. కృపనెరిగినవాని విధేయత ఇట్టిది. కూలి మనిషి ప్రొద్దు చూచి పార దించును; ఇంటి కుమారుడు మడి తడియువరకు గట్టుమీద నుండును.

4. పొరుగువాడు: ఒకే గుమ్మము

ఒనేసిమును ఇకమీదట దాసునిగా కాక, అంతకంటె ఎక్కువవానిగా, ప్రియ సహోదరునిగా చేర్చుకొనవలెనని పౌలు కోరెను. అంతేకాదు, తన్నే చేర్చుకొనునట్లు అతనిని చేర్చుకొమ్మనెను. పౌలు వచ్చినచో ఫిలేమోను ఏమి చేయును? కాళ్లకు నీళ్లిచ్చును, తనతో కూర్చుండబెట్టుకొని భోజనము పెట్టును. అదంతయు ఇప్పుడు నిన్నటి దాసునికి చేయవలెను.

మొదట మనము చెప్పుకొన్న సంగతి ఇక్కడ జ్ఞాపకము చేసికొనుడి. ఆ సంఘము ఫిలేమోను ఇంటిలోనే కూడుచుండెను. గుడి గుమ్మము, ఇంటి గుమ్మము రెండును ఒకటే. ప్రార్థనకు రానిచ్చెదను గాని ఇంటిలోనికి రానియ్యనని చెప్పుటకు అతనికి వీలులేదు. రొట్టె విరిచిన గదియే భోజనము చేయు గది. మనకైతే గుడి వేరు, ఇల్లు వేరు. అందుచేత గుడిలో సహోదరుడని పిలిచి, ఇంటియొద్ద ఎవడురా అని పిలుచుట మనకు సులభమైనది.

లేవీయకాండము 19వ అధ్యాయములో పొరుగువానిని ప్రేమింపవలెనను ఆజ్ఞకు ముందు ఏమున్నదో చూడుడి. కూలివాని కూలి తెల్లవారువరకు ఉంచుకొనరాదు, చెవిటివానిని తిట్టరాదు, గ్రుడ్డివాని దారిలో అడ్డము వేయరాదు, తీర్పులో బీదవాడనియు గొప్పవాడనియు చూడరాదు. ప్రేమ అని ప్రభువు చెప్పినది పొలము గట్టుమీద, కూలి డబ్బులు ఎంచునొద్ద, రచ్చబండమీద కనబడవలసినది.

5. ఒనేసిము మనుమలము

ఈ పత్రిక చదువునప్పుడు మన పితరులు తమ్మును ఒనేసిము స్థానములో చూచుకొనియుందురు. వారిలో అనేకులు కామందుల పొలములలో పాలేర్లు. తండ్రి చేసిన అప్పునకు కుమారుడు, అతని అప్పునకు మనుమడు పని చేసిన కుటుంబములు ఉండెను. అట్టి కట్టుబానిసత్వమును చట్టముచేత మన దేశము 1976లో నిర్మూలించెను. సువార్త అంతకు నూరేండ్లకు ముందే ఆ గుడిసెలలోనికి వచ్చెను.

1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశములో గొప్ప కరవు కలిగెను. ఒంగోలులోని బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌగారు బకింగుహాము కాలువ త్రవ్వు పనిలో కొంత భాగము కంట్రాక్టుగా తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించెను. ఆ కాలమున బాప్తిస్మము కోరినవారు అనేకులుండినను, గింజల కొరకు ఎవరును క్రీస్తు పేరు పెట్టుకొనరాదని ఆయన బాప్తిస్మములను నిలిపివేసెను. కరవు పని ముగిసిన తరువాత, పంచిపెట్టుటకు ఏమియు లేదని చెప్పినను జనులు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన, ఒక్క దినముననే, గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బాప్తిస్మమిచ్చినవారు మన దేశీయ బోధకులే. వచ్చినవారిలో మిక్కిలి యెక్కువమంది ఊరికి వెలుపల బ్రదికిన బీదలు. వారిని ప్రియ సహోదరులని పిలిచిన మొదటి స్వరము అనేకులకు సువార్త స్వరమే.

ప్రియులారా, వారి మనుమలమును మునిమనుమలమునైన మనము నేడు ఎచ్చట నున్నాము? దేవుని దయవలన మనలో కొందరికి పక్కా యిండ్లున్నవి, కొందరికి ఉద్యోగములున్నవి, కొందరికి ఎకరమో రెండెకరములో ఉన్నవి. మన పొలములో కూలికి వచ్చువారున్నారు. మన యొద్ద చేబదులు తీసికొన్నవారున్నారు. ఇంకను చెప్పవలసినది కలదు. సువార్త ఒకటే, ప్రభువు ఒకడే అయినను, ఆ పల్లెవారు ఒక గుడికి, ఈ పల్లెవారు మరియొక గుడికి పోవు గ్రామములున్నవి. పెండ్లి మాట వచ్చినప్పుడు బాప్తిస్మము సంగతి అడుగుటకు ముందు ఏ పల్లెవారని అడుగుచున్నాము. ఈ పత్రికను ఇంకను ఒనేసిము స్థానమునుండియే చదువుచున్నాము గాని, ఏనాడో మనము గుమ్మమునకు లోపలి ప్రక్కకు వచ్చితిమి. ఇప్పుడు మనము ఫిలేమోనులము. గుమ్మము వెలుపల ఎవరో నిలిచియున్నారు.

6. మా బైబిలులోని కాగితము

ఈ మాటలు మేము ఇతరులకు చెప్పుటకు ముందు మాకే తగిలినవి గనుక ఆ సంగతియు వ్రాయుచున్నాము. వానలు లేని యొక సంవత్సరము, మా సంఘములోని ఒక సహోదరుడు మా యొద్ద రెండు బస్తాల ధాన్యము బదులు తీసికొనెను. కోత కాగానే ఇచ్చెదనని చెప్పెను. కోత అయ్యెను, పంట కళ్లములోనే పాతబాకీల క్రింద పోయెను. తరువాత అతడు ఆరాధనకు వచ్చుట మానెను. కొన్ని వారములకు అతని భార్యయు పిల్లలును మానిరి. అతడు విశ్వాసములో చల్లారెనని మేము పెద్దలతో అంటిమి. బుధవారము ప్రార్థన కూటములో అతని పేరెత్తి ప్రార్థించితిమి కూడ.

ఒక రాత్రి ప్రసంగమునకు సిద్ధపడుచు బైబిలు తెరువగా, ఆ రెండు బస్తాల లెక్క వ్రాసిన కాగితము క్రింద పడెను. మా ఇల్లాలు దానిని తీసి మా చేతికిచ్చి, “ఆయన దేవుడికి దూరమైనాడా, మనకు దూరమైనాడా? ముందు అది చూసుకోండి” అనెను. మేము మారు పలుకలేదు.

ఆ కాగితము చింపుటకు మాకు మూడు దినములు పట్టెను. రెండు బస్తాలు మా యింటికిని తక్కువైనవి కావు. ఆ యేడు మేమును బియ్యము కొని తిన్నవారమే. అన్యాయముగా పోయిన సొమ్ము కాదు గదా, అడుగుట మా హక్కు గదా అని మనస్సు వాదించెను. నాల్గవ దినమున అతని యింటికి పోతిమి. అతడు నులకమంచము వాల్చి, తాను నేలమీద కూర్చుండెను. ధాన్యము సంగతి మరచిపొమ్మని చెప్పితిమి. అతడు చాలసేపు తల యెత్తలేదు. పిమ్మట, “అయ్యగారూ, మీరు పాటల మధ్య కళ్లెత్తి చూసినప్పుడల్లా ఆ బస్తాలే చూస్తున్నారనిపించేది. అందుకే రాలేకపోయినాను” అనెను.

మేము అతనికొరకు చేసిన ప్రార్థనలకు మా కాగితమే అడ్డమైనదని ఆ దినము తెలిసికొంటిమి. మూడు వారముల తరువాత అతడు వచ్చి వెనుక వరుసలో కూర్చుండెను. ఇప్పటికిని అక్కడనే కూర్చుండును. ధాన్యము తిరిగి రాలేదు, మేము అడుగలేదు. కాని ఆ మాసము ప్రభురాత్రి భోజనమునొద్ద అతని చేతిలో రొట్టె పెట్టినప్పుడు, మా బాకీ యెవరి పేర వ్రాయబడినదో మాకు ఎన్నడును లేనంతగా జ్ఞాపకము వచ్చెను.

7. మనము చేయవలసినది

రాబోవు ప్రభుభోజనమునకు ముందు ప్రతివారమును ఒక పని చేయుదము. మన యింటిలో వ్రాసియున్న పద్దులను, మనస్సులో వ్రాసియున్న పద్దులను తీసి దేవుని యెదుట పెట్టుదము. గట్టు తగవు, కట్నము మాట, పెండ్లిలో జరిగిన అవమానము, అన్నదమ్ముల భాగము, ఇట్టివి ఒక్కొక్కటిగా చూతము. మాఫీ చేయదగినది మాఫీ చేయుదము. మనము ఇయ్యవలసినది యిచ్చివేయుదము. కూలి నిలిపియుంచినచో సాయంకాలములోగా పంపుదము. తగవు పెద్దదై మన యిద్దరి వలన తెగనియెడల, పౌలువంటి మధ్యవర్తిని పిలుచుకొందము. సంఘములో అట్టి మధ్యవర్తులు కావలెను. వారు మాట చెప్పి పోవువారు కాక, అవసరమైనచో తమ చేవ్రాలు చేయువారై యుండవలెను.

పౌలు ఈ పత్రికను కృపతో మొదలుపెట్టి కృపతోనే ముగించెను. నడుమ నున్నదంతయు ఒక మనిషిని ఇంటిలోనికి పిలుచుటను గూర్చినదే.

గృహ కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఒనేసిము తిరిగి వెళ్లకుండినయెడల అతని మారుమనస్సును గూర్చి ఫిలేమోను ఏమి తలంచియుండును?
2. అధికారమున్నను పౌలు ఏల ఆజ్ఞాపింపలేదు? పెద్దలు, తలిదండ్రులు దీనినుండి ఏమి నేర్చుకొనవలెను?
3. మాఫీ చేసినవాడు నష్టమును భరించుననుటకు మన గ్రామమునుండి ఒక దృష్టాంతము చెప్పుడి.
4. మన సంఘమునకు రాకుండ మానినవారు ఎవరు? వారు మానుటకు మన వలన కారణమేదైన కలదా?
5. గుడిలో సహోదరుడని పిలిచి, మన యింటిలోనికి ఇంతవరకు పిలువనివారు ఎవరు?

ప్రార్థన

కృపగల తండ్రీ, మేము తీర్చలేని బాకీని నీ కుమారుని పేర వ్రాసికొంటివి. నీకు స్తోత్రము. మా పొరుగువారిమీద మేము వ్రాసిపెట్టుకొన్న చిన్న పద్దులను చింపివేయుటకు మాకు బలమిమ్ము. మా గుమ్మము వెలుపల నిలిచియున్నవారిని చూచు కన్నులిమ్ము. నీవు మమ్మును చేర్చుకొనినట్లు మేమును వారిని చేర్చుకొనునట్లు మా హృదయములను విశాలపరచుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.